బిగువు బ్యారెల్ కొన్నంత మాత్రాన గురి రాదు

అయ్యా,

పోయిన వారం మీ లేఖల పేజీలో గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు రాసిన ఉత్తరం చదివాను. అమెరికాలో ఉన్న మనవడు వీడియో కాల్‌లో ‘తాతయ్యా, నా రైఫిల్‌కి కొత్త బ్యారెల్ కొనుక్కోవాలి, పుట్టినరోజు డబ్బులు పంపు’ అన్నాడట. ఆయనకు గుండె జారిపోయింది. కొడుకునూ కోడలినీ ఫోన్‌లోనే దులిపేసి, రెండు రోజులు అన్నం సయించక, చివరికి మీకు రాశారు.

ఆ మాస్టారికి ఈ జవాబు. అది నిజం తుపాకీ కాదు, ప్లాస్టిక్ గుండ్లు కొట్టే ఆట తుపాకీ. ఆ టెన్షన్ నేనూ పడ్డాను కాబట్టి రాస్తున్నాను. కాకపోతే నేను ఇక్కడే ఉన్నాను. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో మా అబ్బాయి ఇంట్లో, ఆరు నెలలకని వచ్చి. మనవడు తొమ్మిదో తరగతి. వాడి గదిలో ఆ రైఫిల్‌ను మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నిజం తుపాకీకీ దానికీ తేడా దూరం నుంచి చూస్తే తెలియదు. మూతి దగ్గర నారింజ రంగు ముక్క ఒకటి ఉంటుంది, అంతే.

దీన్ని ఎయిర్‌సాఫ్ట్ అంటారు. లోపల బ్యాటరీ, చిన్న మోటారు, మూడు పళ్లచక్రాలు ఉంటాయి. చక్రాలు పిస్టన్‌ను స్ప్రింగ్‌తో సహా వెనక్కి లాగి వదిలేస్తాయి. పిస్టన్ నెట్టిన గాలికి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు బయటికి పోతుంది. మందుగుండు అన్న మాటే లేదు. గుండు బరువు 0.20 గ్రాములు, 0.25, 0.28, ఇలా. ఈ ఆట జపాన్‌లో 1970ల్లో పుట్టింది. ఇలా బ్యాటరీతో నడిచేదాన్ని టోక్యో మరుయి అనే కంపెనీ 1991లో మొదట తెచ్చింది. ఇప్పుడు జపాన్‌లో వీటి శక్తి 0.98 జౌళ్లు దాటకూడదని చట్టం ఉంది, 2006 నుంచి.

భయపడటానికి కారణమే లేదని మాత్రం అనను. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే 12 ఏళ్ల పిల్లవాడు పార్కులో ఇలాంటి ఎయిర్‌సాఫ్ట్ బొమ్మతో ఉంటే పోలీసులు నిజం తుపాకీ అనుకుని కాల్చి చంపారు. ఆ బొమ్మకు నారింజ మూతి లేదు. అందుకే మా ఇంట్లో కోడలు పెట్టిన రూల్స్ మూడు. నారింజ మూతి ఊడదీయకూడదు. రైఫిల్ సంచిలోంచి బయటికి వచ్చేది ఆట మైదానంలోనే, పెరట్లో కూడా కాదు. కళ్లజోడు ఆ ఆటకని చేసినదే అయి ఉండాలి, ఎండకు పెట్టుకునేది పనికిరాదు. మాస్టారు కొడుకుని తిట్టే బదులు ఈ మూడూ అడిగి ఉంటే బాగుండేది.

ఇక బ్యారెల్ సంగతి. మాస్టారి మనవడు అడిగింది లోపలి గొట్టం, ఇన్నర్ బ్యారెల్. బయట కనిపించే గొట్టం అలంకారం. దాని లోపల ఉండే సన్నటి గొట్టంలోంచే గుండు పోతుంది.

నేను హైదరాబాద్‌లోని బాలానగర్ పారిశ్రామికవాడలో 31 ఏళ్లు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేశాను. రంధ్రాలు కొలవడమే నా ఉద్యోగం. బోరు, అంటే రంధ్రం లోపలి వ్యాసం, సైజుకు వచ్చిందా లేదా, లోపల నునుపుగా ఉందా, వంకర ఉందా అని చూసి పాస్ చేయడమో తిప్పి పంపడమో. రిటైరై పదకొండేళ్లయ్యాక, ఏడు సముద్రాల ఇవతల, మనవడి బొమ్మ తుపాకీ వల్ల ఆ పని మళ్లీ నా చేతికి వస్తుందని అనుకోలేదు.

సంగతేమిటంటే మావాడు పక్కింటివాళ్ల కుక్కల్ని తిప్పి దాచుకున్న డబ్బుతో 74 డాలర్లు పెట్టి ఒక స్టీలు గొట్టం తెప్పించుకున్నాడు. బోరు 6.01 మిల్లీమీటర్లు, పొడవు 509. వాడి రైఫిల్‌తో వచ్చింది ఇత్తడిది, 6.08 బోరు, 363 పొడవు. స్నేహితులు చెప్పారట, ‘ఎంత టైట్ అయితే అంత గురి, ఎంత పొడుగైతే అంత దూరం’ అని. కొత్తది బయటి గొట్టంలోంచి పొడుచుకు వస్తుంది కదా, అది కనిపించకుండా ముందు ఒక సైలెన్సర్ లాంటి ఉత్తుత్తి డబ్బా కూడా బిగించాడు. దాని ఖరీదు నాకు చెప్పలేదు.

ఆ శనివారం మైదానం నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. పాత గొట్టంతో 30 మీటర్ల దూరంలో పిజ్జా పెట్టె అట్టకు పదిలో ఏడు తగిలేవి. కొత్తదానితో అయిదు. వేగం కొలిచే యంత్రం ఉంటుంది, క్రోనో అంటారు. 0.20 గుండుతో పాతది సెకనుకు 338 నుంచి 346 అడుగులు చూపించేది. కొత్తది ఒకసారి 341 అంటుంది, మరుసటి దెబ్బకు 312 అంటుంది. ‘తాతా, నన్ను మోసం చేశారు, నకిలీది పంపారు’ అన్నాడు.

కొలవకుండా ఎవరినీ దొంగ అనకూడదురా అన్నాను. మా అబ్బాయి స్నేహితుడొకాయన మెషిన్ షాపులో పని చేస్తాడు. ఆయన్ను అడిగి పిన్ గేజుల పెట్టె ఒకటి తెప్పించుకున్నాను. తెలియనివాళ్లకు చెబుతున్నాను, పిన్ గేజ్ అంటే ఖచ్చితమైన మందానికి సాన పట్టిన ఉక్కు కడ్డీ. 6.00 కడ్డీ, 6.01 కడ్డీ, 6.02 కడ్డీ, అలా వరసగా ఉంటాయి. ఏ కడ్డీ దిగితే, ఏది దిగకపోతే దాన్నిబట్టి రంధ్రం సైజు. పెట్టె మూత తీయగానే వచ్చిన ఆ నూనె వాసనకు నేను ఒక నిమిషం బాలానగర్‌లోనే ఉన్నాను.

కొత్త గొట్టం మూతి దగ్గర 6.00 జారింది, 6.01 బిగుతుగా దిగింది, 6.02 దిగలేదు. రెండో చివర 6.02 కూడా దిగింది. అంటే రాసింది నిజమే. చివర కాస్త వదులు, అంత తేడా ఏ గొట్టంలోనైనా ఉంటుంది. కిటికీ వైపు పెట్టి లోపలికి చూశాను. వెలుగు వలయాలు ఒకదానిలో ఒకటి సమంగా కనిపించాయి. గొట్టం వంగితే ఆ వలయాలు ఒక పక్కకు ఒరిగిపోతాయి. గాజు బల్ల మీద దొర్లించాను, ఎగరలేదు. మంచి సరుకు. అమ్మినవాడి తప్పు లేదు.

ఆ తర్వాత పాత ఇత్తడి గొట్టం తీశాను. కడ్డీకి గుడ్డ చుట్టి, ఆల్కహాల్‌లో తడిపి లోపలికి తోస్తే కాటుక డబ్బాలో వేలు పెట్టినట్టు నల్లగా వచ్చింది. ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా తుడవలేదట! నూనె, ప్లాస్టిక్ పొడి కలిసి గోడకు పేరుకున్నాయి. ఆరోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. అప్పుడు కొలిస్తే 6.07 జారింది, 6.08 బిగుతుగా దిగింది. కొత్తప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. వలయాలు కూడా సరిగానే ఉన్నాయి.

మరి రెండు గొట్టాలూ మంచివే అయితే తేడా ఎక్కడ? గుండ్లు కొలిచాను. అది మైక్రోమీటర్ అనే కొలత పరికరంతో చేసే పని, అరగంట పట్టింది. మంచి కంపెనీ సంచిలోవి ముప్ఫై తీస్తే అన్నీ 5.94కూ 5.96కూ మధ్య ఉన్నాయి. చవక సంచిలోవి 5.90 నుంచి 5.98 దాకా ఉన్నాయి, ఒకదానికి అతుకు దగ్గర ఏకంగా 5.99. ఇప్పుడు లెక్క చూడండి. గుండు 5.95 అయితే 6.08 గొట్టంలో సందు 0.13 మిల్లీమీటర్లు, అంటే అటూ ఇటూ కలిపి దాదాపు రెండు వెంట్రుకల మందం. 6.01లో 0.06, ఒక్క వెంట్రుక. అందులో చవక గుండు అతుకుతో ఇరుక్కుంటే, పైగా గోడకు కాస్త మడ్డి కూడా ఉంటే ఇంకేం గురి? బిగువు గొట్టం కొన్నవాడు గుండ్లు ఖరీదైనవి వాడాలి, ప్రతి ఆటకూ గొట్టం తుడవాలి. మావాడు గొట్టానికి 74 డాలర్లు పెట్టి గుండ్లు మాత్రం చవకవి పోసుకున్నాడు.

సందు తగ్గితే లాభం లేదా అంటే ఉంది. ఆ సందు వైశాల్యం లెక్కేస్తే 6.08 నుంచి 6.03కు మారితే దాదాపు 40 శాతం తగ్గుతుంది. గుండు పక్కల నుంచి పారిపోయే గాలి ఆ మేరకు తగ్గి వేగం కాస్త పెరుగుతుంది. అది వేగం సంగతి. గురి సంగతి వేరు. జపాన్‌లో ఓర్గా అనే కంపెనీ 6.23 బోరు గొట్టాలు కూడా అమ్ముతుంది, వాటితో బ్రహ్మాండంగా కొట్టేవాళ్లున్నారు. వదులు అంటే చెడ్డది అయితే వాటినెవరు కొంటారు?

నిజం రైఫిల్ గొట్టంలో మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి, అవి తూటాను తిప్పుతాయి. ఇందులో గాడులు లేవు, నున్నటి పైపు. గుండుకు తిరుగుడు ఇచ్చేది గొట్టం మొదట్లో పైన ఉండే చిన్న రబ్బరు బుడిపె. దాన్ని హాప్ అంటారు. చిన్నప్పుడు గోళీని వేలితో అదిమి చిమ్మేవాళ్లం గుర్తుందా? ముందుకు జారిపోతూనే వెనక్కి తిరుగుతుండేది, కాసేపటికి ఆగి మన దగ్గరికే దొర్లుకుంటూ వచ్చేది. సరిగ్గా ఆ తిరుగుడే. రబ్బరు పైనుంచి రాసుకోవడం వల్ల గుండు పైభాగం వెనక్కి తిరుగుతూ పోతుంది. ఆ తిరుగుడుకు గాలి దాన్ని పైకి ఎత్తిపడుతుంది. మాగ్నస్ ప్రభావం అంటారు. 30 మీటర్లకు పడిపోవాల్సిన గుండు 50 దాకా తిన్నగా పోవడం దాని చలవే. కాబట్టి ఆ రబ్బరు అరిగినా, ఒక పక్కకు ఒరిగినా ఏ గొట్టం వేసినా గుండు కుడికో ఎడమకో తోక తిప్పుతుంది. మావాడి రబ్బరు తీసి చూస్తే బుడిపె ఒక వైపు నలిగిపోయి ఉంది. గొట్టం మార్చినప్పుడు అదే పాత రబ్బరును కొత్తదానికి తొడిగాడు!

అసలు దోషి పొడవు. ఇది చెప్పడానికి కాగితం మీద లెక్క వేశాను. పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి వ్యాసం 23.8 మిల్లీమీటర్లు. మావాడి సిలిండర్‌కు మధ్యలో ఒక రంధ్రం ఉంది, పిస్టన్ ఆ రంధ్రం దాటాకే గాలి నొక్కుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి ముందు దాకా దూరం 41. అంటే చేతిలో ఉన్న గాలి సుమారు 18.2 మిల్లీలీటర్లు. పాత 363 గొట్టంలో పట్టేది 10.5. కొత్త 509 గొట్టంలో పట్టేది 14.4. పాతదానికి గాలి ఒకటిన్నర రెట్ల పైనే ఉంది, 1.7. కొత్తదానికి 1.26. సైకిల్ పంపు ఒక్క దెబ్బ కొట్టి లారీ టైరు నింపాలన్నట్టు. గుండు మూతి చేరేలోపే ఒత్తిడి అయిపోతుంది, ఆ తర్వాత గుండే వెనక ఉన్న గాలిని లాక్కుంటూ పోవాలి. బరువైన గుండు గొట్టంలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి దానికి ఇంకా ఎక్కువ గాలి కావాలి. వేగం ఒకసారి 341, ఒకసారి 312 రావడానికి సగం కారణం ఇదే, మిగతా సగం ఆ చవక గుండ్లు.

రంధ్రం లేని పూర్తి సిలిండర్ వేస్తే 509కి గాలి చాలుతుంది. అందుకే ఎం16 రకం రైఫిల్‌కు 509, ఏకే47 రకానికి 455, ఎం4కు 363, పొట్టి ఎంపీ5కు 229 అని, గాలికి తగ్గ గొట్టం పెట్టి చేస్తారు. ఒకదాని గొట్టం ఇంకోదానికి తగిలించాలంటే సిలిండర్ కూడా మార్చాలి. గేర్‌బాక్స్ విప్పాలి. మా కోడలి డైనింగ్ టేబుల్ మీద అది నా వల్ల కాదు. ఆ బంక గ్రీజు ఒకసారి టేబుల్‌క్లాత్‌కు అంటించి మాటలు పడ్డాను.

చివరికి ఏం చేశామో చెబుతాను. పాత ఇత్తడి గొట్టమే మళ్లీ పెట్టాం. 11 డాలర్ల కొత్త హాప్ రబ్బరు వేశాం. లోపలి గొట్టం బయటి గొట్టంలో కడకడమని ఆడుతోంది, మూతి దగ్గర నాలుగు చుట్లు టేపు చుట్టి కదలకుండా బిగించాం. గుండ్లు 0.28వి, మంచి సంచివి. అదే 30 మీటర్లు, అదే పిజ్జా అట్ట. పదికి పది తగిలాయి, అందులో ఎనిమిది అన్నం కంచమంత వలయంలో. మావాడు నన్ను వాటేసుకున్నాడు. పద్నాలుగేళ్ల మగపిల్లాడు నలుగురిలో తాతను వాటేసుకోవడం ఈ దేశంలో చిన్న విషయం కాదు.

అయినా కొత్త గొట్టం మోజు తీరలేదు. సరే అని ఈసారి నేనే కొనిచ్చాను. 363 పొడవు, 6.03 బోరు, స్టీలు, 38 డాలర్లు. స్టీలే ఎందుకంటే ఇత్తడి మెత్తన, తుడిచే కడ్డీ గీరుకున్నా గీత పడుతుంది. అల్యూమినియం కూడా అంతే. కొనేముందు హాప్ కిటికీ, అంటే రబ్బరు బుడిపె గొట్టంలోకి దిగే రంధ్రం, దాని కోత ఏ రకమో చూసుకున్నాం. బ్యాటరీ రైఫిల్ గొట్టానికి ఒక కోత, గ్యాస్ తుపాకులకూ లాగి కాల్చే స్నైపర్ రకానికీ ఇంకో కోత. అది తప్పితే రబ్బరే కూర్చోదు. ఫలితం? కంచంలో ఎనిమిది పోయి తొమ్మిదయ్యాయి. అంటే 38 డాలర్లకు ఒక్క గుండు. 11 డాలర్ల రబ్బరు, నాలుగు చుట్ల టేపు, ఒక గుడ్డ పీలిక చేసిన పనిలో అది ఎన్నో వంతో మీరే చూడండి.

ఇంకో చిక్కు వచ్చింది, దాని గురించి ఎవరూ ముందు చెప్పలేదు. వేగం పెరిగింది కదా, క్రోనో 351 చూపించింది. వాళ్లు ఆడే నాలుగు గోడల మైదానంలో 0.20 గుండుతో 350 హద్దు, అంటే సుమారు 1.14 జౌళ్లు. ఒక్క అడుగు దాటినా లోపలికి రానివ్వరు. ఆ రోజంతా మావాడు గోడ బయట కూర్చుని చిప్స్ తిన్నాడు. తర్వాత కాస్త మెత్తటి స్ప్రింగ్ వేయించాం, దానికి మళ్లీ డబ్బు, మళ్లీ గేర్‌బాక్స్. హద్దుకు దగ్గరగా కొట్టే రైఫిల్‌కు బిగువు గొట్టం వేసేముందు క్రోనో అంకె చూసుకోవాలి.

కనుక మాస్టారూ, మీ మనవడు మళ్లీ ఫోన్ చేస్తే ఇలా అడగండి. ఇప్పుడున్న గొట్టం పొడవు ఎంత? అదే పొడవు కొంటున్నావా? కోత ఏ రకం? క్రోనోలో ఎంత వస్తోంది, మీ మైదానం హద్దు ఎంత? ఆఖరిసారి గొట్టం ఎప్పుడు తుడిచావు? చివరి ప్రశ్నకు వాడు నసిగాడా, డబ్బు పంపకండి. తుడిచి, రబ్బరు మార్చి, మళ్లీ ఫోన్ చేయమనండి. అన్నిటికీ గడగడా జవాబు చెప్పాడంటే పంపేయండి. అలాంటి పిల్లవాడు రేపు ఏ పనిముట్టునైనా బాగా చూసుకుంటాడు.

మనలో చాలామందికి ఇంకో ఆలోచన వస్తుంది, విజయవాడలో ఉన్న మా మేనల్లుడి కొడుక్కి వచ్చినట్టే. ‘వచ్చేటప్పుడు నాకూ ఒకటి పట్రా తాతా’ అన్నాడు. తేను. మన దేశంలో 2016 ఆయుధాల నియమాలు గాలి తుపాకులకు 20 జౌళ్ల శక్తి, 4.5 మిల్లీమీటర్ల బోరు అని గీతలు గీశాయి. ఎయిర్‌సాఫ్ట్ శక్తి మొదటి గీతకు ఎంతో కింద, బోరు మాత్రం రెండో గీతకు పైన. అర్ధరాత్రి శంషాబాద్‌లో కస్టమ్స్ బల్ల ముందు నిలబడి ఈ ముచ్చట వివరించే ఓపిక నాకు లేదు. చూడటానికి నిజం తుపాకీలా ఉండే వస్తువును సూట్‌కేసులో మోసే ధైర్యం అసలే లేదు.

పిన్ గేజుల పెట్టె శనివారం తిరిగి ఇచ్చేయాలి. అది తెలిసి మనవడి స్నేహితులు, ఇద్దరు తెలుగు పిల్లలు, ఒక మెక్సికన్ అబ్బాయి నిన్న తమ గొట్టాలు పట్టుకుని వచ్చారు. ఒకడి గొట్టం మీద 6.03 అని రాసి ఉంది, 6.05 కడ్డీ హాయిగా దిగింది. వాడికి చెప్పలేదు. వాడు పెద్ద పెద్దవాళ్లకంటే బాగా కొడతాడట, ఆ అంకె చెప్పి వాడి నమ్మకం చెడగొట్టడం ఎందుకు?

ఆ 74 డాలర్ల పొడుగు గొట్టం విప్పేశాక వాపసు తీసుకోలేదు. మా ఆవిడ దాన్ని కుండీలో కరివేపాకు మొక్కకు ఊతంగా పాతింది. వంకర లేదని నేను పాస్ చేసిన సరుకే కదా, మొక్క నిటారుగా పెరుగుతోంది.

ఇట్లు,
బాలానగర్ విశ్రాంత ఇన్‌స్పెక్టర్ ఒకరు,
కూకట్‌పల్లి, హైదరాబాద్
(ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సస్)

(మనవడి స్నేహితుల ఇళ్లలో మీ పత్రిక చదువుతారు. నా పేరు వేయవద్దని మనవి. ముఖ్యంగా ఆ 6.05 సంగతి వల్ల.)